చేతుల వాసన పోయే చిట్కా

మా ఆఫీసులో నన్ను చిట్కాలక్క అంటారు. పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో చిన్న ఉద్యోగం నాది. మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకొని కూర్చోగానే ఎవరో ఒకరు మొదలుపెడతారు. పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఏం చేయాలక్కా? రాగిపిండి ముద్ద కట్టి అందులో వెయ్యి, కాసేపు ఉడికాక తీసి పారేయ్. పాలగిన్నె మాడిపోయిందక్కా. నీళ్లు పోసి ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, కోసి వేసి ఉడికించు, మాడు దానంతటదే లేస్తుంది. పొద్దున బస్సు టైముకు పిల్లలకు ఏం పెట్టి పంపాలో తోచడం లేదక్కా. బొరుగులు తడిపి పిండుకో, తిరగవాత వేసి అందులో కలుపు, పైన పప్పులపొడి చల్లు, ఉగ్గాని అయిపోయె. దానికింత ఆలోచన ఎందుకు?

ఒక వారపత్రికలో ఆడవాళ్ల పేజీకి పోస్టుకార్డు మీద రాసి పంపితే నావి కొన్ని అచ్చు కూడా వేశారు. కందిపప్పుకు పురుగు పట్టకుండా ఆముదం రాసి ఎండబెట్టడం, చింతపండు నల్లబడకుండా గింజ తీసి ఉప్పు కలిపి దాచడం, అట్లాంటివి. కింద నా పేరు, ఊరి పేరు చూసి మా ఆఫీసులో అందరూ టీ తాగించమన్నారు.

అన్నిటికీ జవాబు చెప్పే నేను ఒకసారి మాత్రం చెప్పలేకపోయాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, చేపలు కడిగితే చేతుల వాసన రెండు రోజులైనా పోవడం లేదక్కా, ఏమైనా చిట్కా ఉంటే చెప్పు అంది. నాకు ఎందుకో చిర్రెత్తుకొచ్చింది. "పోదు" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. పక్కనున్నావిడ నిమ్మచెక్క రుద్దుకోమని చెప్పింది. నేను క్యారియర్ మూసేసి లేచి వచ్చేశాను. సగం అన్నం అట్లే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే ఈ చిట్కాల్లో నాది ఒక్కటీ లేదు. అన్నీ మా అమ్మవి. పత్రికలో పడినవి చదివి వినిపిస్తే, "ఇవి గూడా పేపర్లో ఏస్తారా? శానా పనిలేనోళ్లు ఉండారే" అని నవ్వింది. అమ్మ వీటిని సరదాకు కనిపెట్టలేదు. తెల్లవారగానే పనికి పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చే మనిషికి పొయ్యి ముందు కూర్చునే తీరిక ఎక్కడిది? పొయ్యి ముందు కూర్చోకుండానే ఇంటిల్లిపాదికీ కూడు వండాలి. అందుకు పుట్టినవే ఇవన్నీ.

మాది హిందూపురం. మేం ఇంట్లో తెలుగే మాట్లాడే ముసల్మానులం. అమ్మను అమ్మ అనీ నాయనను నాయన అనీ పిలిచేవాళ్లం. తొంభైలలో మా నాయన చింతపండు మండీలో మూటలు మోసేవాడు. ఒకనాడు మూట కిందనే నడుము పట్టేసింది. కొన్నాళ్లకు లేచి తిరిగాడు గానీ, మళ్లీ మూట ఎత్తలేదు. మండీ వాకిట్లో కాపలా కూర్చునే పని ఇచ్చారు. దాంతో ఇల్లు గడవదని అమ్మ గూళ్ల పనికి చేరింది. అప్పటికి నాకు పొయ్యి ముట్టించడం వచ్చు. చెల్లెలికి ఇంకా నడక సరిగ్గా రాలేదు.

గూళ్లంటే పట్టుగూళ్లు. రైతులు మార్కెట్టుకు తెచ్చిన గూళ్లు కొని దారం తీసే షెడ్లు మా పేటలో వీధికొకటి ఉండేవి. గూళ్లను ముందు బాగా ఉడకబెడతారు. తర్వాత వేడినీళ్ల తొట్టిలో చేతులు పెట్టి, వెంట్రుక కన్నా సన్నగా ఉండే దారపు కొసను వేళ్లతో వెతికి పట్టుకొని రాట్నానికి ఎక్కించాలి. పొద్దస్తమానం అదే పని. వేళ్లు కాలినప్పుడు ముంచుకోవడానికి పక్కన ఒక చన్నీళ్ల గిన్నె ఉంటుంది. గూటి లోపలి పురుగు మాత్రం ఆ వేడినీళ్లలోనే ఉడికిపోయి మిగులుతుంది.

ఆ ఉడికిన పురుగుది ఒక వాసన ఉంది. కంపు అంటే సరిపోదు, మా పక్క గబ్బు అంటారు. షెడ్డు ఉన్న వీధిలోకి కొత్తవాళ్లు వస్తే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. మాకు అలవాటే. కానీ వీధిలో ఉండే వాసన వేరు, ఇంట్లో అమ్మ చేతుల్లో ఉండే వాసన వేరు.

అమ్మ పొద్దున లేవగానే కందిబేడలకు ఎసరు పెట్టేది. ఒక పొంగు రాగానే కుండ దించి, మూత బిగించి, శెనక్కాయ పొట్టు నింపిన చెక్కపెట్టెలో గొంతుదాకా పూడ్చి, పైన గోనెపట్ట కప్పేది. మా సీమలో శెనక్కాయ పొట్టుకేం కరువు? మంట లేదు, కాపలా లేదు. నేను బడి నుంచి వచ్చి మూత తీస్తే బేడలు వెన్నలాగా మెత్తబడి, ఇంకా పొగలు కక్కుతూ ఉండేవి. వాటిని ఎనిపి ఇంత చింతపండు పులుసు పోసి తిరగవాత వేస్తే పప్పు తయారు. గ్యాసు అయిపోయిందని మా ఆఫీసువాళ్లు గోల పెట్టినప్పుడు ఈ పెట్టె సంగతి చెప్తే నమ్మరు.

నాకు సంగటి నేర్పింది కూడా ఆ హడావుడిలోనే. చెప్పులు వెతుక్కుంటూ, కొంగు దోపుకుంటూ చెప్పేది. "నూకలు మెత్తగా ఉడకనీ అమ్మీ. రొంత పిండి చన్నీళ్లలో కలిపి ముందు అది పొయ్యి. ఆమేలే పొడిపిండి పొయ్యి, కెలకద్దు, మూత బెట్టు. ఇంగ ఉండలు కట్టమన్నా కట్టదు. తడి చేత్తో తాకి చూడు. అంటుకోకపోతే అయినట్లు."

తడి చేత్తో తాకి చూడమని నాకు చెప్పిన అమ్మకు తన వేళ్లతో ఆ తేడా తెలిసేది కాదు. వేడినీళ్లలో నాని నాని వేళ్ల చివరలు తెల్లగా ముడతలుపడి మొద్దుబారిపోయాయి. మసిగుడ్డ లేకుండానే పొయ్యి మీది గిన్నె దించేసేది. నేను దాన్ని అమ్మ గొప్పతనం అనుకొని వీధిలో స్నేహితులకు చెప్పుకొనేదాన్ని.

మా ఇంట్లో సాయంత్రం కూడు అందరికీ ఒకే పెద్ద తట్టలో, అంటే పళ్లెంలో, కలిపేది అమ్మ. చుట్టూ కూర్చుంటే ముద్దలు చేసి చేతుల్లో పెట్టేది. చిన్నదానికి నోట్లో పెట్టేది. గూళ్ల పనికి పోయిన కొత్తలో ఒకరోజు ముద్ద నోటి దాకా తెస్తే, చెల్లెలు మూతి బిగించి తల తిప్పేసింది. జ్వరమేమో అని అమ్మ దాని నొసలు తాకింది. ఆ చెయ్యి తగలగానే అది ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను అదే ముద్ద తీసుకొని పెడితే గబుక్కున తినేసింది.

నాయన నవ్వాడు. "నీ చెయ్యి గబ్బు కొడతాండాదిలే. పసిబిడ్డకేం తెలుస్తాది, అమ్మ చెయ్యని?" అన్నాడు.

అమ్మ నవ్వలేదు. తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకొని చూసుకుంది. ఆ సాయంత్రం మొదలైన అలవాటు ఇక జన్మలో వదల్లేదు. తినబోయే ముందు వేళ్లు వాసన చూసుకోనిదే తట్ట ముట్టేది కాదు. ఎవరూ చూడట్లేదనుకొనేది. నేను రోజూ చూసేదాన్ని.

ఆ తర్వాత అమ్మకు ఎన్ని చిట్కాలు చెప్పారో! పక్కింటావిడ కుంకుడు నురగతో తోమమంది. షెడ్డులో తోటి మనిషి ఒకామె కాఫీపొడి రుద్దుకోమని ఒక పొట్లం ఇచ్చింది. శెనగపిండి, చింతపండు, పొయ్యిలోని బూడిద, పుదీనా, అన్నీ అయ్యాయి. శుక్రవారం ఊదు వేసినప్పుడు పొగ మీద చేతులు పెట్టుకొని కళ్లల్లో నీళ్లు కారేదాకా అట్లే కూర్చునేది. ఎవరో నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్దమన్నారు. పగిలి పుండ్లు పడిన వేళ్లలోకి నిమ్మరసం దిగితే ఎట్లా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. మొద్దుబారిన వేళ్లకు వేడి తెలియదు గానీ ఆ మంట తెలిసేది. అమ్మ కింది పెదవి కొరుక్కొని రుద్దుకొనేది. రుద్దుకొని, చెయ్యి కడుక్కొని, చెల్లెలి దగ్గరికి పోయేది. అది తల తిప్పేసేది.

పెనుకొండ నుంచి అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, ఒకసారి వచ్చి ఈ తంతు అంతా చూసింది. "తల్లి చేతి కూడు తినని బిడ్డ యాడన్నా ఉంటాదా? పెద్దదాన్ని పెట్టనీకుండా ఒక పూట మాడ్చు. ఆకలైతే అదే తింటాది" అంది.

అమ్మకు అంత కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు. "నా చేతి కోసరం దాని కడుపు మాడ్చాల్నా? నేను గూళ్లల్లో చెయ్యి పెడ్తాండేది యాటికి? దాని కడుపు నిండల్లనే గదా" అని తల్లి మీదికి లేచింది. అవ్వ వక్కాకు సంచి విప్పుకుంది.

ఆ ఏడు రంజాన్ పండగకు షెడ్డు కొన్నాళ్లు మూశారు. అమ్మ పెద్ద ఆశే పెట్టుకుంది. పండగ ముందు రోజు గోరింటాకు రుబ్బించి, వేళ్ల చివర్లకే కాకుండా అరచేయంతా, మణికట్టు దాకా మందంగా పట్టించుకుంది. గోరింటాకు వాసన ముందు ఇంకే వాసనైనా ఆగుతుందా అని నాతో అంది. పొద్దున కడిగేసరికి చేతులు ఎర్రగా పండి, చూడముచ్చటగా ఉన్నాయి. చెల్లెలు తనంతట తానే వచ్చి ఆ చేతులు పట్టుకొని మూతికి ఆనించుకుంది. అమ్మ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్ష పాసైన పిల్లలు చూస్తారే, అట్లా చూసింది.

పండగ సేమ్యా అయ్యాక మధ్యాహ్నం వేడి అన్నంలో నెయ్యి, పప్పు వేసి కలిపింది. చిన్న ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. చెల్లెలు నోరు తెరిచింది. ముద్ద లోపలికి పోయింది కూడా. అంతలోనే ముఖం వికారంగా పెట్టి, ముద్దంతా అమ్మ చేతి మీదికే కక్కేసింది. వేడి అన్నం తగిలి, గోరింటాకు అడుగున దాగిన గబ్బు బయటికి వచ్చినట్టుంది. పండగపూట ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాం.

అమ్మే ముందు తేరుకుంది. చెయ్యి కడుక్కొని వచ్చి, తట్ట నా ముందుకు జరిపింది. "పోనీలే. యా చెయ్యయితే ఏమి, కడుపులోకి పోయేది కూడే గదా. నువ్వు పెట్టు అమ్మీ" అంది. ఇక ఆ తర్వాత నిమ్మకాయలు కొనలేదు. ఊదు పొగ మీద చేతులు పెట్టలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. అమ్మ వండేది, గరిటెతో కలిపేది. నేను చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని పెట్టేదాన్ని. అమ్మ దూరంగా గడప దగ్గర కూర్చొని కత చెప్పేది. గాలి బయటికి పోయే చోటు చూసుకొని మరీ కూర్చునేది. ఆ కతల్లో ఒక కోతి ఉండేది, అది పెనుకొండ కొండ మీది నుంచి దిగివచ్చి రైలెక్కి ధర్మవరం పోయి పట్టుచీర బేరమాడేది. కత చెప్తూ చెప్తూ, చెల్లెలు నోరు తెరిచినప్పుడల్లా అమ్మ కూడా తనకు తెలియకుండానే నోరు తెరిచేది.

చెల్లెలికి పప్పన్నం ఒట్టిగా పెడితే నచ్చేది కాదు, నెయ్యంతా కలిపేస్తే రుచి తెలియడం లేదని ఏడ్చేది. ఇంట్లో నెయ్యి ఉండేదే ఇంత. అందుకని నేను ఒక ఉపాయం చేశాను. చిన్న ముద్ద చేసి, బొటనవేలితో పైన గుంట నొక్కి, ఆ గుంటలో ఒక్క చుక్క నెయ్యి వేసి పెట్టేదాన్ని. నెయ్యి ముందు నాలుకకు తగులుతుంది, ముద్దంతా నెయ్యేనన్నట్టు ఉంటుంది. అమ్మ చెప్పినవి కాకుండా నేను సొంతంగా కనిపెట్టిన చిట్కా ఏదైనా ఉందంటే అదొక్కటే. దాన్ని ఏ పత్రికకూ రాయలేదు.

చూస్తుండగానే చెల్లెలు తన చేత్తో తినడం నేర్చుకుంది. బడికి పోయింది. ఇక దానికి ఎవరూ తినిపించే పని లేకపోయింది. తినిపించే రోజులు ఇట్లే అయిపోతాయి. ఫలానా రోజు ఆఖరు ముద్ద అని ఎవరూ చెప్పరు. అమ్మ మాత్రం గూళ్ల పనికి పోతూనే ఉంది. ఆ దారం మీదనే నా చదువు, చెల్లెలి చదువు, ఇద్దరి పెళ్లిళ్లు అయ్యాయి.

రెండువేలు దాటాక షెడ్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. విదేశాల దారం చవగ్గా వస్తోందని, మన గూళ్లు గిట్టుబాటు కావడం లేదని మగవాళ్లు చెప్పుకొనేవారు. చివరికి, మా పెళ్లిళ్లయ్యాక, అమ్మ పనిచేసే షెడ్డూ మూశారు. అప్పటికే అమ్మకు ఆయాసం పట్టుకుంది. ఏళ్ల తరబడి ఆ ఆవిరి పీల్చినందుకని డాక్టరు అన్నాడు. నాలుగు అడుగులు వేస్తే గోడ పట్టుకొని నిలబడేది. కానీ ఇంటి పట్టున ఉన్నాక కొన్నాళ్లకు చేతుల వాసన పోయింది. నిజంగా పోయింది. నేను ఎన్నోసార్లు దగ్గరగా వాసన చూశాను, అమ్మతో తల దువ్వించుకొనేటప్పుడు, చెయ్యి పట్టుకొని డాక్టరు దగ్గరికి నడిపించేటప్పుడు. కొబ్బరినూనె వాసన, మందు బిళ్లల వాసన, అంతే. చెప్తే నమ్మేది కాదు. తినే ముందు వేళ్లు ముక్కు దగ్గరికి పోవాల్సిందే.

చెల్లెల్ని ధర్మవరం ఇచ్చాం. అక్కడ అది పట్టుచీరలకు ఫాల్ కుట్టి, కుచ్చులు వేసి ఇస్తుంది. చేతికి చెమట గానీ పసుపు గానీ నూనె గానీ లేకుండా ఎప్పుడూ పొడిగా ఉంచుకుంటుంది. ఒకసారి దాని దగ్గరికి పోయినప్పుడు ఒక చీర మడత నా ముఖానికి ఆనించుకొని చూశాను. కొత్త చీర వాసన తప్ప ఇంకేమీ లేదు. గబ్బంతా అమ్మ చేతుల దగ్గరే ఆగిపోయింది. చీరల దాకా రాలేదు.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు కూడు పెట్టే వయసు వచ్చాక ఒకసారి చెల్లెలు హిందూపురం వచ్చింది. నేనూ పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి అక్కడ దిగాను. మధ్యాహ్నం చెల్లెలు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని తినిపిస్తోంది. అమ్మ పక్కనే గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. చెల్లెలు ముద్ద చేసింది. బొటనవేలితో గుంట నొక్కింది. నెయ్యి చుక్క వేసింది.

ఇన్నేళ్లయినా దానికి గుర్తుంది కదా అని ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అంతలోనే చెల్లెలు తలెత్తి, "అమ్మా, నాకు నువ్వు ఇట్లే పెడతాంటివి గదా. గుంటలో నెయ్యి. నాకు బాగా గ్యాపకముండాది. కోతి ధర్మవరానికి వచ్చిన కత చెప్తా పెడతాంటివి" అంది.

అబద్ధం చెప్పడం కాదు అది. దానికి అట్లాగే గుర్తుంది. కత చెప్పిన గొంతు అమ్మది, ముద్ద పెట్టిన చెయ్యి నాది. పసితనంలో రెండూ ఒకటైపోయాయి. అయినా నాకు ఒళ్లు మండింది. అది నా గుంట, నా ముద్ద. ఆ మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు అమ్మ నా వైపు చూసింది.

ఆ చూపును ఏమని చెప్పను? అమ్మ ఎప్పుడూ నన్ను ఏదీ అడిగి ఎరగదు. ఆ ఒక్కసారి అడిగింది. నేను తల దించుకొని చాట ముందుకు లాక్కొని శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.

"ఊ, మరి?" అంది అమ్మ. "నెయ్యి యాడ కారిపోతాదో అని నువ్వు నోరంతా ఒకే తూరి తెరుస్తాంటివి."

ఆ మాట మాత్రం నిజమే. గడప దగ్గర కూర్చొని అన్నీ చూసిన మనిషి కదా.

చెల్లెలు మురిసిపోయింది. బిడ్డను నా ఒళ్లోకి తోసి, అమ్మకు దగ్గరగా జరిగి, "ఈపొద్దు గూడా ఒక ముద్ద పెట్టు మా" అని నిజంగానే నోరు తెరిచింది.

నేను ఒలవడం ఆపాను. ఎన్నేళ్ల నాడో అమ్మ పెదవి కొరుక్కొని నిమ్మచెక్కలు రుద్దుకొన్నది దీని కోసమే. అమ్మ చెయ్యి తట్ట మీదికి వెళ్లింది. అన్నం ముట్టలేదు. మధ్యలోనే ఆగి, ముక్కు దగ్గరికి పోయి, మళ్లీ ఒళ్లోకి వచ్చేసింది.

"చేతులు వణుకుతాండాయి తల్లీ. అక్కను పెట్టమను" అంది.

"పోమ్మా" అని చెల్లెలు నవ్వేసి బిడ్డ వైపు తిరిగింది.

సాయంత్రం అది బిడ్డను తీసుకొని వీధిలోకి పోయినప్పుడు నేను అమ్మను నిలదీశాను. "అదే నోరు తెరిచి అడిగింది గదా మా. పెట్టింటే ఏమయ్యేది? నీ చేతుల్లో ఇంగ యా గబ్బూ లేదు. నా మీద ఒట్టు."

"నీకు తెలీదులే" అంది అమ్మ. కాసేపు ఆయాసపడి, మళ్లీ తనే చెప్పింది. "తిని, ఇది కాదే అంటే? దాని మనసులో ఒక మంచి చెయ్యి ఉండాది అమ్మీ. నాదనుకుంటాండాది. అట్లే ఉండనీ. నువ్వు దానికి చెప్పద్దు."

"చెప్పనులే" అన్నాను. నా గొంతులో విసుగు అమ్మకు తెలిసే ఉంటుంది. నా మోకాలి మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు. అమ్మ మమ్మల్ని ఊరికే ముట్టుకొనేది కాదు. ఆ గూళ్ల పనే అట్లా చేసింది.

ఆ మరుసటి చలికాలం అమ్మ పోయింది. ఆయాసం ఎక్కువై, ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆఖరు స్నానం చేయించేటప్పుడు పెద్దవాళ్లు నన్ను కూడా రమ్మన్నారు. ఆ రెండు చేతులూ నేనే కడిగాను. వేళ్ల చివర్లు ఇంకా ముడతలుగానే ఉన్నాయి. కడిగాక, ఎవరు ఏమనుకుంటే ఏమని, వంగి ముక్కు ఆనించి చూశాను. కర్పూరం వాసన తప్ప ఇంకేమీ లేదు. అమ్మా, ఏమీ లేదు చూడు అని చెప్పడానికి అమ్మ లేదు.

నలభయ్యో నాడు అమ్మ పేరిట ఫాతెహా చదివించి, చుట్టాలకు, వీధివాళ్లకు భోజనాలు పెట్టాం. అందరూ పోయాక మధ్యాహ్నం ఎండలో ఇల్లు బోసిగా ఉంది. నాయన బయట మంచం మీద పడుకున్నాడు. చెల్లెలు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అమ్మ కూర్చునే గోడ దగ్గర కూర్చొని గడప వైపు చూస్తోంది. రొంత తినమ్మా అని బతిమాలితే, "కూర వద్దక్కా. సంగటి చేసి అమ్మ పెట్టినట్ల పెట్టు" అంది.

లేచి పొయ్యి ముట్టించాను. నూకలు మెత్తగా ఉడకనిచ్చాను. చన్నీళ్లలో కలిపిన పిండి ముందు పోసి, ఆ తర్వాత పొడిపిండి పోసి, కెలకకుండా మూత పెట్టాను. తడి చేత్తో తాకి చూశాను. అంటుకోలేదు. పప్పు, ఉప్పు వేసి చేత్తోనే కలిపి తెచ్చి, చెల్లెలి ముందు కూర్చున్నాను. చిన్న ముద్ద చేసి, బొటనవేలితో గుంట నొక్కి, నెయ్యి చుక్క వేసి నోట్లో పెట్టాను.

చెల్లెలు కళ్లు మూసుకొని నమిలింది. నేను దాని ముఖమే చూస్తున్నాను. ఏమి ఆశ పెట్టుకున్నానో నాకే తెలియదు.

మింగి, కళ్లు తెరిచింది. "బాగుండాదక్కా" అంది. చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే, "అయినా అమ్మ చెయ్యి కాదు" అంది.

అమ్మకు ఇచ్చిన మాట గుర్తుంది నాకు. "అమ్మ చెయ్యి ఎవరికొస్తాదిలే" అన్నాను.

మళ్లీ ముద్ద చేసి, గుంట నొక్కి, నెయ్యి వేసి దాని నోటి దగ్గర పెట్టాను. నెయ్యి కారిపోతుందని అది నోరంతా ఒకేసారి తెరిచింది.